మా చిన్నమ్మాయి చదువుకు పెళ్ళిచూపులు

నాకు అక్షరాలు వచ్చేసరికి నలభై దాటాయి. రాయపూర్ రైల్వే కాలనీలో సాయంత్రంపూట సాక్షరత క్లాసు పెట్టినప్పుడు ముందు హిందీ నేర్చుకున్నాను. ఆ తర్వాత మా తెలుగువాళ్ళ సంఘం హాల్లో ఒక రిటైర్డు మాస్టారి దగ్గర తెలుగు నేర్చుకున్నాను. ఆలస్యంగా వచ్చినందుకు కాబోలు, వచ్చాక నా పొగరు అంతా ఇంతా కాదు. రిక్షాలో వెళ్తుంటే రెండువైపులా దుకాణాల బోర్డులు చదువుకుంటూ పోయేదాన్ని. సబ్బు మీది కాగితం, మందుసీసా మీది కాగితం, పప్పు పొట్లం కట్టిన పాత పేపరు, ఏదీ వదల్లేదు. అచ్చులో ఉన్నదంతా నిజమేనని నా నమ్మకం. అబద్ధమే అయితే అంత ఖర్చుపెట్టి అచ్చెందుకు వేస్తారని నా వాదన.

మా చిన్నమ్మాయి పన్నెండో తరగతి పాసైన ఎండాకాలంలో, ఈ పొగరుతోనే దాని చదువు సంగతి నా నెత్తిన వేసుకున్నాను. అప్పటికి మా రాష్ట్రం ఇంకా విడిపోలేదు, రాయపూర్ రాజధాని కాలేదు.

మా వీధి చివర కేబుల్ టీవీ ఆఫీసు ఒకటి ఉండేది. వాళ్ళు సినిమా మధ్యలో ఊళ్ళోని బట్టల దుకాణాల ప్రకటనలు వేసేవాళ్ళు. వాటికి అక్షరాలూ బొమ్మలూ గీసిపెట్టమని మా అమ్మాయిని పిలిచేవాళ్ళు. అక్కడ ఒక మిషను మీద, తీసిన బొమ్మను ముక్కలు చేసి కావలసిన చోట అతికించడం చూసింది. ఇక దానికి అదే ధ్యాస. అన్నం తింటూ టీవీ చూసేటప్పుడు కూడా, "ఇక్కడ కోశారు, ఇదిగో మళ్ళీ ఇక్కడ కోశారు" అంటూ మమ్మల్ని కథ చూడనిచ్చేది కాదు.

ఒకరోజు వాళ్ళ నాన్నతో చెప్పేసింది.

"నాన్నా, నేను మీడియా చదువుతాను."

"అంటే?"

"కెమెరా, సౌండ్, డ్రాయింగ్, ఎడిటింగ్, కంప్యూటర్, సబ్ కుఛ్."

"టీవీ రిపేరా?" అన్నారాయన ముఖం వెలిగిపోతుండగా. ఆయన గూడ్సు పెట్టెలు బాగుచేసే వ్యాగన్ షాపులో ఫిట్టరు. రిపేరు ఉన్న చదువేదైనా ఆయనకు మంచి చదువే.

"రిపేర్ కాదు నాన్నా! టీవీలో వచ్చేది ఉంది కదా, అది తయారు చెయ్యడం."

ఆయన కుర్చీ దగ్గరకు లాక్కున్నారు. "సూడమ్మా. నాను రెండేళ్ళలో రిటైరైపోతాను. నా సేత ఒక్కసారే అవుద్ది. ఆ సదువు డిగ్రీ అవ్వాల. ఫీజు నా జీతంలో ఇమడాల. సదివినాక నీకు జీతం రావాల. ఈ మూడూ ఉన్నది ఏదైనా సదువుకో. జులైలోగా తేల్చండి. నేకపోతే ఎదురుగుండా కాలేజీలో బీకాం."

బీకాం అన్నమాట వినగానే పిల్ల ముఖం ఎలా అయిందో నేను చూశాను. లెక్కలంటే దానికి కడుపునొప్పి. ఒకసారి బీకాంలో చేరితే మూడేళ్ళు అందులోనే, ఆ తర్వాత ఇంకో చదువుకు ఇంట్లో డబ్బుండదు. ఉన్నది ఒక్క అవకాశం, ఒక్క ఎండాకాలం.

"నువ్వేం బెంగపెట్టుకోకే, నేను చూస్తాను," అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు. ఆ చదువుకు ఒక పేరంటూ లేదు. ఒకచోట మల్టీమీడియా అనేవాళ్ళు, ఇంకోచోట మాస్ కమ్యూనికేషన్, మరోచోట దృశ్యకళ. జీవితంలో నేను విచారించి తేల్చిన పెద్ద విషయం ఒకే ఒక్కటి, మా పెద్దమ్మాయి సంబంధం. కాబట్టి కాలేజీని కూడా అలాగే విచారించాలనుకున్నాను. సంబంధాలంటే మా కాలనీలో మా వదినను మించినవాళ్ళు లేరు. ఆవిడ మా ఆయనకు అక్క, రెండు వీధుల అవతల ఉండేది. కబురు పెట్టగానే పట్టుచీర కట్టుకుని వచ్చేసింది.

"గుంటని తీసుకెళ్ళకూడదు," అంది వదిన. "పెద్దోలిమే ఎల్లాల. సెప్పకుండా ఎల్లాల. ముందు సుట్టుపక్కల అడగాల. తేలేదాకా ఆల ఇంట పచ్చి మంచినీళ్ళు తప్ప మరేటీ నోట్లో ఎయ్యకూడదు. తిన్నావంటే ఒప్పుకున్నట్టే."

అమ్మాయి అడ్డుపడింది. "అత్తా, చదివేది నేను కదా! నేను రాకపోతే ఎలా?"

"నీ అక్క పెళ్ళికీ ముందు నానే ఎల్లి సూసొచ్చినాను. ఇప్పుడు దానికేటి లోటు?"

పిల్ల ఓటమి ఒప్పుకుని వంటింట్లోకి పోయింది. మా పెద్దమ్మాయి కాపురం నిజంగానే బాగుంది మరి.

మొదటి సంబంధం శంకర్ నగర్‌లో దొరికింది. అద్దాల తలుపుల ఇన్‌స్టిట్యూటు. వాళ్ళ రంగుల పుస్తకం ఒకటి ముందే నా చేతికొచ్చింది. దాన్ని కూడబలుక్కుంటూ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఉద్యోగం గ్యారంటీ అని అందులో అచ్చువేసి ఉంది. అచ్చు అన్నాక ఇంకేం కావాలి నాకు? ఆ ఇన్‌స్టిట్యూటు కింద పాన్ దుకాణం ఉంది. రివాజు ప్రకారం వదిన ముందు అక్కడ ఆగింది.

"భయ్యా, పైన ఉన్నోళ్ళు కైసే లోగ్?"

"బహుత్ అచ్ఛే లోగ్, మాతాజీ. దిన్ భర్ ఏసీ చల్తా హై," అన్నాడు.

వదిన నావైపు తిరిగి తలూపింది. రోజంతా ఏసీ నడుస్తుందంటే కలిగినవాళ్ళే. మేం మెట్లెక్కాం.

లోపల మెళ్ళో టై కట్టుకున్న అమ్మాయి ఒకతె నవ్వుతూ కూర్చోమంది. స్టూడెంటు ఏరీ అని అడిగింది. ఇంట్లో ఉందన్నాం. ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. అయినా నవ్వు మానలేదు. వదిన ప్రశ్నలు మొదలుపెట్టింది. ఓనరుది ఏ ఊరు, ఈ బిల్డింగు సొంతమా అద్దెదా, ఆయనకు అన్నదమ్ములు ఎంతమంది, ఏమైనా తగాదాలున్నాయా. ఆ అమ్మాయి ఓనరుకు ఒక తమ్ముడున్నాడని, అతను బిలాస్‌పూర్‌లో ఇలాంటిదే ఇంకొకటి నడుపుతున్నాడని చెప్పింది. వదినకు అది బాగా నచ్చింది. అన్నదమ్ములు కలిసి ఉన్నారు.

సంపాదన సంగతి నేను అడిగాను. చదివినవాళ్ళకు ఎంత వస్తుందని. ఆ అమ్మాయి ఆకాశం చూపిస్తూ చెయ్యి పైకెత్తి, "ఆంటీజీ, ఇస్ లైన్ మే ఆస్మాన్ తక్ జా సక్తే హై," అంది.

"ఆస్మాన్ ఛోడో బేటీ," అంది వదిన. "పహలీ తారీఖ్ కో కిత్నా?"

ఒకటో తారీఖున ఎంత అన్న ప్రశ్నకు ఆ అమ్మాయి ఒక అంకె చెప్పింది. మా ఆయన జీతానికి రెండింతలు. వెంటనే మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళి కంప్యూటర్ల గది చూపించింది. వరసగా బల్లలు, బల్లల మీద కంప్యూటర్లు, ప్రతి కంప్యూటరు మీదా పూల అంచు కుట్టిన తెల్లటి గుడ్డ. ఎక్కడా దుమ్ము లేదు. మా ఇంట్లో టీవీకి నేను కుట్టిన గుడ్డ గుర్తొచ్చింది. మాది ఒక మూల మాసిపోయి ఉండేది. ఇక్కడ ఒక్క మరక లేదు.

"వస్తువంటే ఎంత బద్రం ఈల్లకి!" అని వదిన నా చెవిలో అంది.

తిరిగొచ్చి కూర్చునేసరికి బల్లమీద రెండు కూల్‌డ్రింకు సీసాలు, ఒక ప్లేటులో పాలకోవా పేడాలు ఉన్నాయి. నేను వద్దని చెయ్యి ఊపాను. ఆ పిల్ల బతిమాలింది. నేను మళ్ళీ ఊపాను. పక్కన గుటగుటమని చప్పుడైంది. తిరిగి చూస్తే వదిన సీసాలో సగం ఖాళీ చేసేసింది.

"వదినా!"

"ఏటి సెయ్యనే? ఎండలో నడిసి నడిసి నాలిక పిడసకట్టుకుపోనాది."

"తేలేదాకా ఏమీ తీసుకోకూడదని నువ్వే అన్నావు కదా!"

"మంచినీళ్ళు పర్వానేదన్నాను. ఇవీ నీళ్ళే. రంగు నీళ్ళు."

"అందులో చక్కెర ఉంది వదినా."

వదిన సీసావైపు చూసింది. సగం అయిపోయింది, మిగతా సగం మాత్రం వదలడమెందుకని తాగేసింది. తర్వాత నావైపు ఎంతో గంభీరంగా చూసి, "ఇంక మనం ఎనక్కి తగ్గితే బాగోదు," అంది.

నాకూ అలాగే అనిపించింది. వాళ్ళ తీపి తాగి, వాళ్ళ ఏసీలో చల్లబడి, ఇంటికెళ్ళి ఆలోచిస్తామని చెప్పడానికి నోరు రాలేదు. సీటు ఖాయం చేసుకోవడానికి కొంత కట్టాలని ఆ అమ్మాయి చెప్పగానే, చీటీ డబ్బు దాచిన జేబురుమాలు నడుం దగ్గర్నుంచి తీసి విప్పాను. తాంబూలాలు మార్చుకున్నట్టే భావించాను. పేడా కూడా తిన్నాను, ఇక తినవచ్చు కదా అని.

ఇంటికొచ్చి విషయం చెప్పాను. మా అమ్మాయి అంతా విని, నిదానంగా ఒకటే ప్రశ్న అడిగింది.

"అమ్మా, డిగ్రీ ఇస్తారా, సర్టిఫికెటా?"

నేను వదిన ముఖం చూశాను. వదిన నా ముఖం చూసింది. ఓనరుకు అన్నదమ్ములెంతమందో మాకు తెలుసు. బిల్డింగు ఎవరిదో తెలుసు. పాన్ దుకాణంవాడి అభిప్రాయం తెలుసు. డిగ్రీ సంగతి అడగడం మరిచిపోయాం. రంగుల పుస్తకం తీసి వెతికింది అమ్మాయి. అందులో డిప్లొమా అని ఉంది. నేను ఆ మాటను చదివాను కూడా. పెద్ద మాటలా కనబడి గౌరవంగా దాటేశాను.

"పోనీ, పిల్లలు ఏం చేస్తున్నారు అక్కడ? ఎవరైనా ఎడిటింగ్ చేస్తుంటే చూశావా?"

"పిల్లలెవరూ లేరే. గది ఎంత శుభ్రంగా ఉందనుకున్నావు! అన్నిటికీ గుడ్డలు కప్పి ఉన్నాయి."

"క్లాసులు నడుస్తున్నాయన్నారా?"

"నడుస్తున్నాయనే అన్నారు."

"నడుస్తుంటే గుడ్డలు ఎందుకు కప్పుతారమ్మా?"

మా ఇంట్లో టీవీ మీద గుడ్డ తీసేది సాయంత్రం ఆరింటికి, అందరం చూడటానికి కూర్చున్నప్పుడే. ఆ సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు? పిల్ల అరిచినా బాగుండేది. అరవలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. నేను పొయ్యి దగ్గర నిలబడి ఉల్లిపాయలు తరిగాను, కళ్ళ నీళ్ళకు ఒక కారణం ఉంటుందని.

రెండు రోజుల తర్వాత అమ్మాయే, "అమ్మా, ఈసారి నేను తీసుకెళ్తాను, చలో," అంది. "నువ్వు ఏమీ అడగొద్దు. సిర్ఫ్ చూడు."

ఊళ్ళోనే ఒక పాత సర్కారీ కాలేజీలో ఇలాంటి డిగ్రీ ఉందని దానికి కేబుల్ ఆఫీసులో తెలిసింది. వెళ్ళాం. పాన్ దుకాణం లేదు, ఏసీ లేదు. మెట్లమీద ఒక కుక్క పడుకుని ఉంది. నడవాలో సగం బల్బులు వెలగడం లేదు. ఒక గది తలుపు ఓరగా తెరిచి ఉంటే లోపలికి అడుగుపెట్టాను. నేలంతా వైర్లు. ఎవరో పిల్లలు చెమటలు కక్కుతూ వంగి ఏదో చేస్తున్నారు. ఒకమ్మాయి చెవులకు పెద్ద డిప్పలు పెట్టుకుని ఉంది. ఎదురుగా గోడమీద బోర్డు. బోర్డు కనిపిస్తే నేను ఆగకుండా ఉండలేను. నిలబడి చదువుకున్నాను, నిశ్శబ్దంగా, మనసులో.

చెవులకు డిప్పలు పెట్టుకున్న అమ్మాయి ఎగిరిపడింది. "సర్, కోయీ బోల్ రహా హై!" ఎవరో మాట్లాడుతున్నారట.

అందరూ నావైపు తిరిగారు. మా అమ్మాయి తలుపు వెనక కళ్ళు మూసుకుంది. మూల కూర్చున్న సారు లేచి వచ్చారు. కోపమేమీ లేదు, నవ్వు ఆపుకుంటున్నారు. అక్కడున్న చిన్న టీవీ దగ్గరకు మమ్మల్ని పిలిచి, అప్పుడే తీసింది వెనక్కి తిప్పి చూపించారు. ఇద్దరు పిల్లలు కుర్చీల్లో కూర్చుని ఏదో మాట్లాడుకుంటున్నారు. వాళ్ళ వెనక నుంచి ఒకావిడ వచ్చింది. చీర కుచ్చిళ్ళు వైర్లకు తగలకుండా పైకి ఎత్తిపట్టుకుంది. తల వెనక్కి వంచింది. పెదవులు కదుపుతూ, గదంతా వినపడేలా, "కృ... ప... యా... శాంత్... ర... హే," అని చదివింది.

దయచేసి నిశ్శబ్దంగా ఉండండి అని ఆ బోర్డు. ఆ ఆవిడ నేనేనని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. ఎన్నో ఏళ్ళుగా నేను మనసులో చదువుకుంటున్నాననే అనుకున్నాను. రిక్షాలో కూడా. మరి రాయపూర్ రిక్షావాళ్ళంతా నా గురించి ఏమనుకుని ఉంటారో!

పిల్లలు పడి పడి నవ్వారు. సారు మా అమ్మాయిని ఎవరని అడిగారు. చేరడానికి వచ్చానంది. "అయితే చెప్పు," అన్నారాయన హిందీలో. "ఇప్పుడు ఈ టేపును నువ్వైతే ఎక్కడ కోస్తావు?"

నా తరఫున కూడా అదే సిగ్గుపడుతోందని నాకు తెలుసు. అయినా టీవీకి దగ్గరగా వంగి, ఇంకోసారి తిప్పించుకుని చూసింది. ఆ చూసేటప్పుడు దాని ముఖంలో సిగ్గు పోయింది.

"మమ్మీ ఆనే సే పహలే కా సబ్ కాట్ దూంగీ, సర్," అంది. "వో దోనో యాద్ కియా హువా బోల్ రహే హై. మమ్మీ సచ్ మే పఢ్ రహీ హై."

అమ్మ రాకముందుదంతా కోసేస్తానని, ఆ ఇద్దరూ బట్టీపట్టింది చెప్తున్నారని, అమ్మ మాత్రం నిజంగా చదువుతోందని. సారు నవ్వడం మానేశారు. చేరేవాళ్ళకు ఇక్కడ ఒక చిన్న పరీక్ష పెడతామని, దీన్నే ఆ పరీక్ష అనుకుంటానని, మార్కుల కాగితాలు తెచ్చి ఫీజు కట్టమని చెప్పారు.

నా నోరు ఊరుకోలేదు. ఏమీ అడగనని మాటిచ్చి వచ్చాను, అయినా అడిగాను. "సర్, చదివినవాళ్ళకు ఎంత వస్తుంది?"

ఆయన అంతకు ముందు చదివినవాళ్ళ గురించి వేళ్ళమీద చెప్పుకుంటూ పోయారు. ఒకడు పేపరు ఆఫీసులో కంప్యూటరు మీద పేజీలు పెడుతున్నాడు, ఆ పని బయట నేర్చుకున్నాడు. ఒకడు పెళ్ళి వీడియోలు తీస్తాడు, ఈ సారుకంటే ఎక్కువ సంపాదిస్తాడట. ఒకమ్మాయి కేబుల్లో వార్తలు చదువుతుంది. ఒకడు ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముతున్నాడు. మొదటి రెండేళ్ళు చేతి ఖర్చులు వస్తే గొప్ప. కెమెరా ఒకటే ఉంది, వంతులు వేసుకోవాలి. కంప్యూటరు వాళ్ళు పూర్తిగా నేర్పలేరట, అది విడిగా నేర్చుకోవాలి.

నాకు ఒళ్ళు మండింది. సంబంధానికి వెళ్తే, మావాడు అంత తెలివైనవాడు కాదండీ అని తండ్రే చెప్పినట్టుంది. మా అమ్మాయి మాత్రం తలూపుతూ వింది, రంగుల పుస్తకాన్ని నేను చదివినంత నమ్మకంగా.

ఆయన చెప్పినట్టే జరిగింది. డిగ్రీ అయిన కొత్తలో దాని జీతం దాని టెంపో చార్జీలకూ చెప్పులకూ సరిపోయేది. పేజీలు పెట్టడం సాయంత్రాలు విడిగా నేర్చుకుంది. తర్వాత రాష్ట్రం విడిపోయి రాయపూర్ రాజధాని కాబోతోందని పేపర్లవాళ్ళూ టీవీలవాళ్ళూ ఆఫీసులు తెరవడం మొదలుపెట్టినప్పుడు, ఈ పని తెలిసినవాళ్ళ కోసం వెతుక్కుంటూ మా ఇంటికే వచ్చారు. ఇప్పుడు వాళ్ళ నాన్న ఆఖరి జీతం కంటే దానిదే ఎక్కువ. కానీ ఆ రోజు ఆ చీకటి నడవాలో నిలబడి ఇదంతా నాకెలా తెలుస్తుంది?

ఆ రోజుకూ ఫీజు కట్టే రోజుకూ మధ్యలో ఒక పని మిగిలింది. శంకర్ నగర్‌లో కట్టిన డబ్బు వెనక్కి తేవాలి. వదిన తానే మాట్లాడతానంది. సంబంధాలు కుదర్చడమే కాదు, మర్యాదగా తప్పించడం కూడా ఆవిడకు వచ్చు. ఇద్దరం వెళ్ళాం. వదిన చేతులు జోడించి, ఎంతో బాధగా ముఖం పెట్టి, "బేటీ, క్యా కరే, కుండలీ నహీ మిలీ," అంది.

జాతకాలు కలవలేదట. ఆ టై అమ్మాయి మొదటిసారి నవ్వు ఆపేసింది. "కిస్కీ కుండలీ, ఆంటీజీ?"

"ఇన్‌స్టిట్యూటు కీ," అంది వదిన తడుముకోకుండా.

డబ్బు రాలేదు. కట్టింది తిరిగి ఇవ్వరట, ఆ సంగతీ పుస్తకంలో అచ్చువేసే ఉందట. నా చీటీ డబ్బు అలా పోయింది. కూల్‌డ్రింకు మళ్ళీ ఇచ్చారు. ఈసారి నేను కూడా తాగాను.

ఆఖరికి ఫీజు కట్టే రోజు వచ్చింది. మా ఆయన పగటి డ్యూటీ మధ్యలో పర్మిషన్ తీసుకుని, నూనె మరకల బట్టలతోనే కాలేజీకి వచ్చారు. కిటికీ ముందు పెద్ద లైను. డిగ్రీయేనా అని అమ్మాయిని మళ్ళీ అడిగారు. డిగ్రీయే అంది. గవర్నమెంటేనా అన్నారు. గవర్నమెంటే అంది. ఆయన తృప్తిగా నోట్ల కట్ట తీశారు. లోపల గుమాస్తా ఫీజు ఎంతో చెప్పాడు.

మా ఆయన చెయ్యి ఆగిపోయింది. "మహీనే కా?" అని అడిగారు.

"సాల్ కా," అన్నాడు గుమాస్తా.

నెలకు కాదు, ఏడాదికి. ఆయన నావైపు తిరిగారు. ముఖం చిన్నబోయింది. "ఇంత తక్కువేటే? ఇంత తక్కువకి ఏటి నేర్పుతారు ఈల్లు? మోసమేటో ఉంది."

"మీ జీతంలో ఇమడాలని మీరే అన్నారు కదండీ."

"ఇమడాలన్నాను. ఇలగ ఊరికే ఇస్తారంటే నమ్మకమేటి? బీకామే ఎక్కువ ఉంది దీనికంటే."

వెనక లైనులో గొడవ మొదలైంది. "బాబూజీ, ఆగే బఢో!" అని ఎవరో అరిచారు. గుమాస్తా, "దేనా హై కి నహీ?" అని కసిరాడు. మా అమ్మాయి ముఖం పాలిపోయింది. ఇన్ని తంటాలు పడి, కిటికీ దాకా వచ్చి, చవకగా ఉందని ఆగిపోతుందా ఈ పిల్ల చదువు?

నాకు చక్కగా చెప్పడానికి ఏమీ తోచలేదు. ఆయన మాటతీరులోనే చూసింది చెప్పాను. "నాను లోపలికెళ్ళి సూసినానండి. కెమెరా ఒకటే ఉంది. గది మురికిగా ఉంది. ఉద్యోగం సంగతి మేం సెప్పలేం అన్నాడా సారు. పిల్లలు మాత్రం చెమటలు కక్కుకుంటా పనిచేస్తన్నారు. మనది అక్కడ నిలబడ్డప్పుడు దాని మొహం సూసినాను. ఎప్పుడూ అలగ సూళ్ళేదు."

ఆయన నోట్లు పట్టుకుని అలాగే నిలబడ్డారు. ఇమడలేనంత ఫీజైతే ఎలా కుదించాలో ఆలోచించి పెట్టుకున్న మనిషి, మిగిలిపోయే డబ్బుతో ఏం చెయ్యాలో తెలియక తికమకపడుతున్నట్టు అనిపించింది నాకు.

"నాన్నా," అంది అమ్మాయి మెల్లగా. "వాళ్ళు నేర్పనిది నేను బయట నేర్చుకుంటాను. పైసా బచేగా నా, దానికి ఇద్దువుగాని."

"ఎంత ఇయ్యాల?"

"తర్వాత చెప్తా."

"ఇప్పుడే సెప్పు."

వెనకవాళ్ళు మళ్ళీ అరిచారు. ఆయన తల తిప్పి వాళ్ళతో ఏదో అనబోయారు. ఆ తిరిగిన క్షణంలో మా అమ్మాయి ఆయన చేతిలోంచి కావలసిన నోట్లు మాత్రం లాగి, కిటికీ లోపలికి తోసేసింది. గుమాస్తా రసీదు రాసి ముద్ర కొట్టాడు. ఆయన వెనక్కి తిరిగేసరికి అయిపోయింది.

"కట్టేసినావా?" అన్నారు.

"కట్టేశాను నాన్నా."

ఆయన చేతిలో మిగిలిన నోట్లు చూసుకుని, జేబులో పెట్టుకుని, లైనులోంచి పక్కకు జరిగారు. షాపుకు తిరిగి వెళ్ళేదాకా దారిపొడవునా, "ఇంత తక్కువేటే," అని అంటూనే ఉన్నారు.